కింది నుంచి పైకి కట్టిన ర్యాక్

మా అమ్మ చీర కొనేటప్పుడు ముందు కొంగు తిరగేసేది. వెనుక పోగులు వేలాడుతున్నాయా, బుటాకీ బుటాకీ మధ్య దారం వదులుగా పోయిందా అని వేలితో తడిమి చూసి, ఆ తరవాతే ధర అడిగేది. పోచంపల్లి ఇక్కత్ దగ్గర మాత్రం ఆమెకు ఆ పని ఉండేది కాదు. నూలుకే రంగు అద్ది నేసిన బట్ట గనక అది రెండు వైపులా ఒకేలా ఉంటుంది. సర్వర్ ర్యాక్‌ని చూడడం నేర్చుకున్నాక నాకూ అమ్మ అలవాటే వచ్చింది. ముందు వైపు నుంచి ఏ ర్యాక్ అయినా బాగానే కనిపిస్తుంది. నల్లటి జాలీ తలుపు, దాని వెనుక వరసగా మినుకుమనే ఆకుపచ్చ దీపాలు. కట్టినవాడి చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే వెనక్కి వెళ్ళి తలుపు తియ్యాలి.

నేను చెప్పబోయే ర్యాక్ హైదరాబాద్ పడమటి శివారులోని ఒక డేటా సెంటర్‌లో ఉంది. దాన్ని కట్టిన మనిషి దగ్గర నేను రెండేళ్ళు సహాయకుడిగా పనిచేశాను. ఆయనది కరీంనగర్ వైపు పల్లె. తండ్రి తాపీ మేస్త్రీ. పేరు రాయను. పత్రికలో తన పేరు చూసుకుని సంతోషపడే మనిషి కాదాయన. మేమంతా అన్నా అని పిలిచేవాళ్ళం గనక ఇక్కడా అన్న అనే అంటాను.

ఈ పని గురించి ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ సేవలకు హైదరాబాద్ రీజియన్ తెరిచింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. ఈ వార్తలన్నీ ఎకరాల్లో, మెగావాట్లలో, డాలర్లలో వస్తాయి. ఆ భవనాల్లోకి వచ్చే ప్రతి పెట్టెనీ ఎవరో ఇద్దరు మనుషులు చేతులతో ఎత్తి, పట్టాలెక్కించి, తీగ కలపాలి. అలా కలిపే పిల్లలు మన జిల్లాల నుంచి వందల్లో వస్తున్నారు. వాళ్ళ చేతుల్లో ఎంత పనితనం ఉండగలదో, ఆ పనితనమే వాళ్ళ ప్రాణాన్ని ఎలా కాస్తుందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ర్యాక్ అంటే నాలుగు నిలువు కమ్మీల ఇనుప చట్రం. అందులో బిగించే పరికరం ముఖం వెడల్పు 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. ఈ కొలత కంప్యూటర్ల కంటే పాతది. అమెరికాలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో రిలేలు బిగించడానికి వాడిన చట్రాల నుంచి వచ్చింది. మన రైల్వే స్టేషన్లలో సిగ్నళ్ళ రిలే గది ఒకటి ఉంటుంది. దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి స్టేషన్ మాస్టర్ దగ్గర, రెండోది సిగ్నల్ సిబ్బంది దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒంటరిగా ఎవరూ చెయ్యి పెట్టకూడదన్న ఆ పద్ధతి తలుచుకున్నప్పుడల్లా అన్న పని చేసే తీరే నాకు గుర్తొస్తుంది.

ఎత్తుని ‘యూ’లలో కొలుస్తారు. ఒక యూ 44.45 మిల్లీమీటర్లు. మామూలు ర్యాక్‌లో 42 యూలుంటాయి. ప్రతి యూకీ కమ్మీ మీద మూడు చదరపు కన్నాలు. ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. కన్నాల మధ్య దూరం సమానంగా ఉండదు. ఒక యూ లోపల కన్నం నుంచి కన్నానికి 15.875 మిల్లీమీటర్లు, ఆ యూ చివరి కన్నం నుంచి పై యూ మొదటి కన్నానికి 12.7 మాత్రమే. దగ్గరగా ఉన్న రెండు కన్నాల నడుమ ఒక యూ ముగిసి ఇంకొకటి మొదలవుతుంది. ఈ లెక్క తెలియనివాడు ఎడమ కమ్మీ మీద ఒక కన్నం పైన, కుడి కమ్మీ మీద ఒక కన్నం కింద నట్టు వేస్తాడు. సర్వర్ జారే పట్టా వంకరగా కూర్చుంటుంది. సర్వర్ లోపల ఉన్నంతకాలం ఏమీ తెలియదు. ఎప్పుడో ఒకరోజు ఎవరో దాన్ని బయటికి లాగినప్పుడు పట్టా మెలితిరిగి, తాళం పడక, పాతిక ముప్పై కిలోల పెట్టె లాగినవాడి కాళ్ళ మీదికి వస్తుంది.

అన్న నాలుగు కమ్మీల మీదా విడివిడిగా లెక్కపెట్టేవాడు. చాలా కమ్మీల మీద యూ అంకెలు అచ్చువేసే ఉంటాయి. అయినా కింది నుంచి వేలితో ఒక్కొక్క యూ తాకుతూ పైకి వెళ్ళి, కావలసిన చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టేవాడు. నాలుగు గీతలూ పడ్డాక రెండడుగులు వెనక్కి జరిగి చూసేవాడు. వాళ్ళ నాన్న గోడకి దారం కట్టి ఇలాగే చూసేవాడట.

ఆ చదరపు కన్నాల్లో వేసేది కేజ్ నట్టు. స్ప్రింగు ఇనుముతో చేసిన చిన్న పంజరం, అందులో వదులుగా కదిలే నట్టు. పంజరానికి రెండు చెవులు. వాటిని నొక్కి కన్నంలో దూర్చాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి దూర్చేవాళ్ళే ఎక్కువ. అది జారిందంటే మొన అరచేతిలో దిగుతుంది, లేదా చెవి ఎగిరి బొటనవేలి గోరు కిందికి పోతుంది. ఈ పనిలో అందరి వేళ్ళ మీదా కనిపించే మచ్చలు దీనివే. దీనికంటూ ఒక కొక్కెం పనిముట్టు ఉంటుంది, నట్ల సంచీలోనే వస్తుంది. చాలామంది దాన్ని చూడకుండానే సంచీతో పాటు పారేస్తారు. అన్న జేబులో అది తాళంచెవుల గుత్తికే కట్టి ఉండేది. ఆయన చేతులు పాతికేళ్ళ కుర్రాడి చేతుల్లా ఉండేవి. దాన్ని నేను అదృష్టం అనుకునేవాణ్ణి.

ఆ ర్యాక్ కట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. ఖాళీ చట్రం వచ్చి నిలబడింది. పక్కన అట్టపెట్టెల్లో పద్దెనిమిది సర్వర్లు. నాకు చేతులు ఊరుతున్నాయి. అన్న మొదటి గంటలో ఒక్క పెట్టె కూడా తెరవనివ్వలేదు. ఉంగరం తీసి పర్సులో పెట్టుకున్నాడు, గడియారం తీశాడు, మెడలో వేలాడే గుర్తింపు కార్డుని చొక్కా లోపలికి తోశాడు. నన్నూ అలాగే చెయ్యమన్నాడు. తరవాత మోకాళ్ళ మీద కూచుని చట్రం అడుగున నాలుగు కాళ్ళనీ నేలకి ఆనేదాకా తిప్పాడు. రసమట్టం పెట్టి బుడగ మధ్యకి వచ్చేదాకా సరిచేశాడు. పక్క ర్యాక్‌తో కలిపి బోల్టులు వేశాడు. ముందు వైపు అడుగున బయటికి చాచే కాళ్ళు రెండు బిగించాడు, ర్యాక్ ముందుకి ఒరగకుండా పట్టేవి అవే.

“ఇగ తెరుద్దామా అన్నా?” అన్నాను.

“ఆగు తమ్మీ. ఎర్త్ వెయ్యలే ఇంకా.”

ఆ ఎర్త్ పనిని ఆయన చేసిన తీరు నేను మరెక్కడా చూడలేదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. చట్రానికి రంగు పూసి ఉంటుంది. రంగు మీద తీగ బిగిస్తే చూడ్డానికి ఎర్త్ ఉన్నట్టే ఉంటుంది, కరెంటుకి మాత్రం దారి ఉండదు. అన్న పళ్ళున్న వాషర్ వేసి బిగించేవాడు. ఆ పళ్ళు రంగుని చీల్చుకుని ఇనుములోకి దిగుతాయి. తరవాత మీటర్ పెట్టి చూసేవాడు. ముందు తలుపుకి, వెనుక తలుపుకి, పక్క రేకులకి, అన్నిటికీ పసుపు ఆకుపచ్చ చారల తీగ విడివిడిగా వెళ్ళింది. పనికి అడ్డంగా ఉందని తలుపు ఊడదీసినవాళ్ళు తిరిగి బిగించేటప్పుడు ఆ తీగని మరిచిపోతారు. తలుపు కీళ్ళ మీదే వేలాడుతుంది గనక ఎవరికీ తేడా తెలియదు. అన్న ఆ తీగ చివర చేత్తో ఊడదీసి చేత్తోనే తగిలించే క్లిప్పు పెట్టాడు. స్పానర్ వెతుక్కోవలసిన పని లేకపోతే ఎవరూ మానెయ్యరని ఆయన నమ్మకం.

ఎర్త్ మీద ఇంత పట్టుదల ఎందుకో నాకు ఆ రోజే లెక్క కట్టి చూపించాడు. ప్రతి సర్వర్ పవర్ సప్లైలో వడపోత కెపాసిటర్లుంటాయి. ఏ లోపమూ లేకపోయినా వాటి గుండా కాస్త కరెంటు ఎర్త్ తీగలోకి కారుతూనే ఉంటుంది. ఒక్కోటి 1 మిల్లీఆంపియర్ వదులుతుందనుకుందాం. పద్దెనిమిది సర్వర్లకి, రెండేసి చొప్పున, ముప్పై ఆరు పవర్ సప్లైలు. ర్యాక్ మొత్తం మీద 36 మిల్లీఆంపియర్లు. మన ఇళ్ళలో మనిషి ప్రాణం కాపాడడానికి పెట్టే బ్రేకర్ 30 మిల్లీఆంపియర్లకే పడిపోతుంది. ఆ కరెంటు నేలకి పోయే తీగ ఎక్కడైనా తెగితే, ఇనుప చట్రాన్ని ఒక చేత్తో, పక్క ర్యాక్‌ని ఇంకో చేత్తో పట్టుకున్న మనిషే తీగ అవుతాడు. అందుకే పెద్ద పరికరాల మీద కరెంటు ఇచ్చే ముందు ఎర్త్ కలపాలని, లీకేజీ ఎక్కువని హెచ్చరిక అంటిస్తారు. ముందు ఎర్త్, తరవాత కరెంటు. విప్పేటప్పుడు ముందు కరెంటు, చివరికి ఎర్త్. ఈ వరసని అన్న ఒక్కసారి కూడా తప్పగా నేను చూడలేదు.

అప్పుడు పెట్టెలు తెరిచాం.

బరువైనది అడుగున. యూపీఎస్ బ్యాటరీలు, డిస్కులతో నిండిన స్టోరేజీ పెట్టెలు కింద, తేలిక స్విచ్‌లు పైన. ఇది అందరికీ తెలిసిన సూత్రమే అనిపిస్తుంది గానీ ఎంతమంది పాటించరో నాకు సొంత అనుభవం. అన్న దగ్గరికి రాకముందు ఒక కంపెనీ సర్వర్ గదిలో పనిచేశాను. అక్కడ కింది సగం ఖాళీగా ఉన్న ర్యాక్‌లో ఒక బరువైన స్టోరేజీ పెట్టెని భుజాల ఎత్తున బిగించారు. వంగకుండా పని చేసుకోవచ్చని. చాచే కాళ్ళు లేవు, నేలకి బోల్టులు లేవు. ఫ్యాను మార్చడానికి నేను ఆ పెట్టెని పూర్తిగా ముందుకి లాగాను. ఎడ్లబండి వెనుక భాగంలో బరువు ఎక్కువైతే కాడి పైకి లేచినట్టు, ర్యాక్ వెనుక కాళ్ళు నేల విడిచాయి. చట్రం నెమ్మదిగా నా మీదికి వాలడం కళ్ళారా చూశాను. వెనుక ఉన్న స్నేహితుడు రెండు చేతులతో కమ్మీలకి వేలాడి దాన్ని కిందికి లాగకపోతే ఇది రాసేవాణ్ణి కాదు. నా ఎడమ చూపుడువేలి గోరు పోయింది, అంతే. ఈ సంగతి అన్నకి చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు. కాసేపు నా వేలు చూసి, ఒక ర్యాక్‌లో ఒక్క పెట్టే బయటికి రావాలి, అది లోపలికి వెళ్ళాకే రెండోది అని మాత్రం అన్నాడు.

ఎత్తడానికీ ఒక లెక్క ఉంది. పరికరాల పెట్టెల మీద బొమ్మలుంటాయి. 18 కిలోలు దాటితే ఇద్దరు మనుషులు, 32 దాటితే ముగ్గురు. 55 దాటాక అన్న చేతులతో ఎత్తనిచ్చేవాడు కాదు, లిఫ్ట్ బండి తెప్పించేవాడు. అన్న ఆ బొమ్మని నాకు చదివి వినిపించేవాడు, గుడి ముందు బోర్డు చదివినట్టు. డిస్కులూ పవర్ సప్లైలూ ముందే ఊడదీసి వరస తప్పకుండా అంకె వేసి పక్కన పెట్టేవాడు. ఆ ఖాళీ పెట్టె బరువు సగానికి వచ్చేది. పవర్ సప్లై పిడినీ ఫ్యాను పిడినీ పట్టుకుని సర్వర్‌ని ఎత్తబోతే చేతి మీద తట్టేవాడు. అవి ఊడి వచ్చేందుకు పెట్టిన పిడులు. బరువు మోసేందుకు కావు.

ఇద్దరం చెరో వైపు నిలబడేవాళ్ళం. “రెడీయా తమ్మీ?” “ఊఁ అన్నా.” నేను ఊఁ అనేదాకా ఆయన చెయ్యి కదిలేది కాదు. ఫ్యాన్ల హోరులో మాట వినపడకపోతే నా కళ్ళలోకి చూసి తల ఊపేవాడు. సర్వర్ పక్కలనున్న మేకులు పట్టాల గాళ్ళలో కూర్చున్నాక, లోపలికి తోసేటప్పుడు ఎడమన ఒక టక్, కుడిన ఒక టక్ రావాలి. రెండూ రావాలి. ఆ గదిలో టక్ చెవికి వినపడదు. అరచేతికి తెలుస్తుంది. ఆయన తోయడం ఆపి, రెండు చేతులూ పెట్టె మీదే ఉంచి ఒక క్షణం అలా నిలబడేవాడు. ఆ క్షణం నాకు చాలా ఇష్టం. వీణ తీగ శ్రుతి చేసేవాడు బిరడా తిప్పి ఆగుతాడు చూడండి, అలా ఉండేది.

కరెంటు సంగతికి వస్తాను. ర్యాక్ వెనుక రెండు పక్కలా నిలువుగా రెండు పీడీయూలు, అంటే కరెంటు పంచే ప్లగ్గు పట్టీలు, ఉంటాయి, ఏ వైపు ఒకటి, బీ వైపు ఒకటి. రెండిటికీ వేర్వేరు దారుల్లో కరెంటు వస్తుంది. ప్రతి సర్వర్‌కీ రెండు పవర్ సప్లైలు, ఒకటి ఏకి, ఒకటి బీకి. ఒక దారి పోయినా పని ఆగదని ఏర్పాటు. కానీ ఒక్కో పీడీయూ 32 ఆంపియర్లది అనుకుంటే, రెండిటి మీదా ఇరవయ్యేసి ఆంపియర్లు నడుస్తుంటే చూసేవాడికి ఇంకా చోటుందనిపిస్తుంది. ఏ పోయిన క్షణాన బీ మీద 40 పడుతుంది. బ్రేకర్ దూకుతుంది. ర్యాక్ మొత్తం చీకటి. అందుకని బ్రేకర్ మీద ఎప్పుడూ 80 శాతం దాటకూడదు, అందులో సగమే ఒక వైపు నడవాలి. 32లో 80 శాతం 25.6, దానిలో సగం 12.8. అన్న తలుపు లోపలి వైపు ‘12.8 దాటొద్దు’ అని తెలుగులో రాసి అంటించాడు. ఆ డేటా సెంటర్‌లో నేను చూసిన ఒకే ఒక్క తెలుగు కాగితం అది.

రెండు తీగలుండడంలో పనివాడికి ఒక ప్రమాదం దాగి ఉంది. ఒకటి పీకితే సర్వర్ ఆగిపోయిందనుకుని మూత తీసి చెయ్యి పెట్టేవాళ్ళున్నారు. రెండోది పీకేదాకా అది బతికే ఉంటుంది. అందుకే అన్న రెండు తీగలకీ రెండు చివర్లా ఒకే అంకె వేశాడు. ఏ వైపువి ఎర్ర తీగలు, బీ వైపువి నల్లవి. పవర్ సప్లై లోపల మాత్రం ఎవరూ చెయ్యి పెట్టరు. అందులో దాదాపు 400 వోల్టులు నిలవ ఉంటాయి, తీగ పీకాక కూడా కొంతసేపు. పోతే మొత్తం మార్చాలి, విప్పి బాగుచెయ్యడమన్నది లేదు.

తప్పు సర్వర్ మీద చెయ్యి వెయ్యడం ఈ పనిలో పెద్ద భయం. ఒకేలా ఉన్న పద్దెనిమిది పెట్టెల్లో పన్నెండోదాన్ని విప్పమంటే, ముందు నుంచి లెక్కపెట్టి గుర్తుంచుకుని వెనక్కి నడిచొచ్చేలోగా మనసులో అంకె మారిపోతుంది. దీనికి మంచి ఉపాయం ఉంది. సర్వర్ ముందు ఒక చిన్న మీట నొక్కితే ముందూ వెనుకా నీలం దీపం వెలుగుతుంది. దీపం వెలిగించి, వెనక్కి వెళ్ళి, దీపం చూసి, అప్పటికీ ట్యాగ్ అంకె చదివి, పక్కవాడికి పైకి చదివి వినిపించి, ఆ తరవాతే అన్న చెయ్యి పెట్టేవాడు. డెల్ సర్వర్ల మూత తీస్తే కొన్ని పిడులు నారింజ రంగులో, కొన్ని నీలంలో కనిపిస్తాయి. నారింజవి నడుస్తుండగా ఊడదియ్యవచ్చు. నీలంవి ముట్టుకోవాలంటే కరెంటు తియ్యాల్సిందే. తయారుచేసినవాళ్ళు కూడా ఈ రాత్రిపూట పనివాడిని తలుచుకుని ఆ రంగులు వేశారనిపిస్తుంది నాకు.

మణికట్టు పట్టీ గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మన ఒంటి మీద పేరుకునే స్థిర విద్యుత్తు సుమారు 3,000 వోల్టులు దాటితేగాని మనకి చురుక్కుమనదు. చిప్పులు కొన్ని 100 వోల్టులకి లోపే పాడవుతాయి. అంటే మనకి ఏమీ తెలియకుండానే పాడు చేసేస్తాం. పాడైంది కూడా ఆ పూట తెలియకపోవచ్చు, నెలల తరవాత సర్వర్ ఊరికే ఆగిపోతుంటే అప్పుడు వెతుక్కుంటారు. అందుకే పట్టీ కట్టుకుని దాని తీగని చట్రానికి తగిలిస్తాం. ఆ తీగలో ఒక 10 లక్షల ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. ఎందుకో అన్న చెప్పేదాకా నాకు తెలియదు. ఒంటిని భూమికి నేరుగా కట్టేస్తే, పొరపాటున రెండో చెయ్యి 230 వోల్టులకి తగిలినప్పుడు కరెంటు అడ్డూ ఆపూ లేకుండా మనిషి గుండా పోతుంది. ఆ రెసిస్టర్ ఉంటే పావు మిల్లీఆంపియరు కూడా పోదు. చిప్పుని కాపాడే పట్టీలో మనిషిని కాపాడే ముక్క ఒకటి ఇలా అమిరి ఉంది. పట్టీ తగిలించడానికి అన్న కమ్మీ మీద రెండు అంగుళాల మేర రంగు గీకి, ముందొకటి వెనుకొకటి, రెండు చోట్లు సిద్ధంగా ఉంచాడు. తగిలించే చోటు కోసం వెతుక్కోవాలంటే పిల్లలు పట్టీయే కట్టుకోరని.

ఇక తీగలు. వెనుక తలుపు తీసినవాళ్ళు ముందు చూసేది వీటినే, నిజానికి నేను కూడా. నూటికి పైగా తీగలు పక్కలనించి దిగి, ప్రతి సర్వర్ దగ్గరా ఒకే ఒంపు తిరిగి లోపలికి పోతాయి. జడ అల్లినట్టుంటుంది. కానీ దాని అందం గురించి అన్న ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన చూసేది మూడు సంగతులు. సర్వర్ పూర్తిగా ముందుకి లాగినా ఏ తీగా బిగుసుకోకూడదు, అందుకని ప్రతిదానికీ సరిపడా వదులు వదిలాడు. పవర్ సప్లై ఊడి వచ్చే దారికి ఏ తీగా అడ్డం రాకూడదు. వేడి గాలి బయటికి పోయే చోట తీగల ముద్ద ఉండకూడదు. ప్లాస్టిక్ టైలు ఆయన వాడడు. బిగిస్తే ఫైబర్ నలుగుతుంది. కత్తిరించిన చివర కత్తిలా నిలబడి, చీకట్లో లోపలికి పెట్టిన ముంజేతిని చీరుతుంది. అన్నీ వెల్క్రో పట్టీలే. ఫైబర్ చివరని కంటికి ఎదురుగా పట్టుకోనిచ్చేవాడు కాదు. అందులో పోయే లేజరు కాంతి కంటికి కనపడదు గనక రెప్ప కూడా వాలదు. తీగ లేని ప్రతి రంధ్రానికీ మూత ఉండేది.

ఖాళీ యూలకి మూత రేకులు వెయ్యడం చాలామంది అలంకారం అనుకుంటారు. ముందు చల్ల గాలి, వెనుక వేడి గాలి. మధ్యలో సందు ఉంటే వేడి గాలి ముందుకి తిరిగొచ్చి సర్వర్ తన ఆవిరి తనే పీలుస్తుంది. లోపలికి పోయే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ప్రమాణం. రేకు వేసిన ర్యాక్‌లో ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతాయి, హోరు తగ్గుతుంది. హోరు తగ్గితే పక్కవాడు వద్దన్న మాట వినపడుతుంది.

ఆ హోరు కూడా గాయమే. చెవిలో బిరడాలు లేకుండా రాత్రంతా పని చేసి ఇంటికెళితే గోడ గడియారం చప్పుడు వినపడని రోజులు నాకున్నాయి. శబ్దం యంత్రాల్ని సైతం చెడగొట్టగలదు. 2016 సెప్టెంబరులో బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో అగ్నిమాపక పరీక్ష కోసం వాయువు వదిలితే, ఆ వాయువు దూసుకొచ్చిన చప్పుడికే హార్డ్ డిస్కులు దెబ్బతిని బ్యాంకు సేవలు గంటల తరబడి ఆగిపోయాయి. మన గదుల్లోనూ అలాంటి సిలిండర్లుంటాయి. గంట మోగాక వాయువు వదిలేలోగా సాధారణంగా 30 సెకన్లే గడువు. అన్న ఏ గదిలోకి వెళ్ళినా పని మొదలుపెట్టే ముందు తలుపు దాకా నడిచి అడుగులు లెక్కపెట్టుకునేవాడు. దారిలో అట్టపెట్టె ఉంటే తీయించేవాడు. నేల పలక ఎత్తి ఉంటే మనిషిని కాపలా పెట్టేవాడు, లేదా మూసేవాడు. ఆ పలక 600 మిల్లీమీటర్ల చదరం, ఒక కాలు తొడ దాకా దిగిపోవడానికి అది చాలు.

ట్యాగుల సంగతి చివర మిగిలింది. అన్న అచ్చు యంత్రంతో వేసిన ట్యాగు కింద ఇంకో తెల్ల చీటీ అంటించేవాడు. దాని మీద సర్వర్ అంకె, ర్యాక్‌లో యూ, ఏ తీగ ఎక్కడికి పోతుంది, ఎక్కించిన తేదీ ఉండేవి. కింద రెండు గీతలు గీసి ఖాళీగా వదిలేవాడు. ఆ ఖాళీ దేనికని అడిగితే, “ముట్టుకున్నోడు రాస్తడు” అన్నాడు.

ఆయన నవీ ముంబయి వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. పోయిన వేసవిలో ఒక రాత్రి ఆ ర్యాక్‌కే పిలుపొచ్చింది. పన్నెండో సర్వర్‌లో ఏ వైపు పవర్ సప్లై పోయింది. రాత్రి రెండు దాటింది. నాతో ఉన్న కుర్రాడు ఆ పనికి కొత్త. ముందు వైపు నీలం దీపం వెలిగించి వెనక్కి వచ్చి తలుపు తీశాం. ఎర్త్ క్లిప్పు తలుపుకే ఉంది. ఎర్ర తీగని వేలితో పట్టుకుని పైకి వెళితే ఎక్కడా ముడి లేకుండా నేరుగా పీడీయూ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు చివర్లా పన్నెండే. అంకె పైకి చదివాను, కుర్రాడు తిరిగి చదివాడు. తీగ పీకి, పిడి నొక్కి లాగితే పవర్ సప్లై ఒక్క తీగకి కూడా తగలకుండా బయటికి వచ్చింది. కొత్తది లోపలికి తోశాను. టక్ అరచేతికి తెలిసింది. దీపం కాసేపు పసుపుగా ఉండి ఆకుపచ్చకి తిరిగింది. బీ వైపు దీపం ఈలోగా ఒక్కసారి కూడా ఆరలేదు.

కుర్రాడు తలుపు వెయ్యబోయాడు. ఆగమని చెప్పి తెల్ల చీటీని దీపం వెలుగులోకి తిప్పాను. అన్న రాసిన తేదీ సిరా కొంచెం వెలిసింది. మొదటి గీత మీద ఎవరిదో తెలియని చేతిరాతలో ఫ్యాను మార్చిన తేదీ ఉంది. రెండో గీత ఖాళీగా ఉంది. పెన్ను కుర్రాడి చేతికిచ్చాను.